క్లాసులో క్లాసు పెట్టి పికిల్ చేస్తే: ఏళ్ల తరబడి వాడాక

ఆబ్జెక్టులను ఫైల్లో దాచి మళ్లీ తెరిచే పైథాన్ పికిల్‌తో పేచీ అంతా ఒక్కచోటే. అది క్లాసును దాచదు, క్లాసు చిరునామాను దాస్తుంది: మాడ్యూల్ పేరు, అందులో క్లాసు పూర్తి పేరు, పక్కన ఆబ్జెక్టు విలువలు. తిరిగి చదివేటప్పుడు ఆ చిరునామాలో క్లాసు లేకపోతే ఎర్రర్.

విశాఖ ఫిషింగ్ హార్బర్లో దిగే సరుకు లెక్క రాసే ప్రోగ్రామ్ తీసుకోండి. 'పడవ' ఒక క్లాసు. దాని లోపల 'వేట': వంజరం ఎన్ని కిలోలు, పాటలో ఎంత పలికింది. (పైథాన్ 3లో ఈ తెలుగు పేర్లు నిజంగానే చెల్లుతాయి.) పైథాన్ 3.3లో క్వాల్‌నేమ్ (క్లాసు పూర్తి పేరు ఉంచే ఆట్రిబ్యూట్) వచ్చాక లోపలి క్లాసుకి 'పడవ.వేట' అనే పూర్తి పేరు దక్కింది. 3.4లో ప్రోటోకాల్ 4 (పికిల్ డేటా రాసే పద్ధతికి నాలుగో వెర్షన్) దాన్ని వాడుకుంది. 3.5 నుంచి పాత ప్రోటోకాల్స్‌లోనూ నడుస్తోంది (ఇలాంటి తెలుగు పేర్లకైతే కనీసం ప్రోటోకాల్ 3 కావాలి). లోపలి క్లాసు పికిల్ కాదన్న పాత మాట మామూలు క్లాసులకి ఇక వర్తించదు.

ఇప్పటికీ చెడేది నేమ్డ్‌టపుల్ (ప్రతి విలువకీ పేరుండే టపుల్) దగ్గర. పడవ లోపల 'వేట'ని నేమ్డ్‌టపుల్‌గా చేస్తే దాని క్వాల్‌నేమ్ ఉత్త 'వేట'గానే ఉండిపోతుంది. పికిల్ దాన్ని మన మాడ్యూల్ పైవరుసలో (ఏ క్లాసు లోపలా కాకుండా) వెతికి, దొరక్క ఎర్రర్ ఇస్తుంది. మందు ఒక్క లైనే: కింద లైన్లోనే దాని క్వాల్‌నేమ్‌ని (అటు రెండు, ఇటు రెండు అండర్‌స్కోర్లు) 'పడవ.వేట' అని మార్చాలి. ఫంక్షన్ లాగా పిలిచి చేసే ఈనమ్‌కైతే (పేరు పెట్టిన స్థిర విలువల క్లాసు) క్వాల్‌నేమ్ ఆర్గ్యుమెంటే ఉంది.

ఫంక్షన్ లోపల పుట్టిన క్లాసు దగ్గర ఈ చిట్కా పారదు. ఎర్రర్లో 'లోకల్స్' అని కనబడితే క్లాసును బయటికి తేవడమే. కుదరకపోతే క్లౌడ్‌పికిల్ అనే విడి లైబ్రరీ. అది క్లాసునే మూటకట్టి పంపుతుంది, కానీ రుషికొండలో ల్యాప్‌టాప్ మీద కట్టిన మూట సర్వర్లో విప్పాలంటే రెండుచోట్లా పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి. నిల్వకైతే అసలు వద్దు. ఏడాదికి పెట్టే ఆవకాయ కాదది, ఆ పూటకి చేసుకునే కొబ్బరి పచ్చడి.

అసలు దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. ఎవరో 'పడవ'ని 'బోటు'గా మారుస్తారు. టెస్టులన్నీ పాసవుతాయి, పాత ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. అందుకే నిల్వచేసే ఆబ్జెక్టుల క్లాసులు మాడ్యూల్ పైవరుసలో ఉంటేనే నయం, పేరు మారినా సర్దుబాటు తేలిక. ఇప్పటికే లోపల ఉంటే మాడ్యూల్ అడుగున 'పడవ = బోటు' అని ఒక అలియాస్ చాలు. మాడ్యూలే మారితే అన్‌పికిలర్‌కి (పికిల్ ఫైలు చదివే క్లాసు) సబ్‌క్లాస్ రాసి, ఫైండ్‌క్లాస్ (find_class) మెథడ్‌లో పాత పేరును కొత్తదానికి మళ్లించాలి. ప్రోటోకాల్ 4 నుంచి అక్కడికి చుక్కతో సహా 'పడవ.వేట' వస్తుంది, అంతకు ముందువాటిలో చుక్క లేకుండా 'పడవ' అని వస్తుంది. రెంటికీ మళ్లింపు రాసుకోవాలి.