జడ్-సోర్స్ ఇన్వర్టర్‌కి ఏ బూస్ట్ మేలు?

డీసీని ఏసీగా మార్చే మామూలు ఇన్వర్టర్‌లో ఒకే లెగ్‌లోని (ఒక ఫేజ్‌కి ఉండే జంటలోని) పై స్విచ్చూ కింది స్విచ్చూ ఒకేసారి ఆన్ అయ్యాయంటే ఢామ్మే, స్విచ్‌గా వాడే ఐజీబీటీ ట్రాన్సిస్టర్ మీద ఆశ వదులుకోవాలి. ఫాంగ్ జెంగ్ పెంగ్ 2003లో ప్రచురించిన జడ్-సోర్స్ ఇన్వర్టర్‌లో ఆ షార్ట్‌నే కావాలని చేస్తాం. ముందు రెండు ఇండక్టర్లు, రెండు కెపాసిటర్లు కాచుకుని ఉంటాయి కాబట్టి షార్ట్ చేసిన కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. పెంచక్కర్లేదంటే షార్ట్ మానేసి, ఎప్పటిలా తగ్గించుకోవచ్చు. షార్ట్ ఎంతసేపు పెట్టాలన్న దగ్గరే మూడు దారులు: సింపుల్ బూస్ట్, మ్యాగ్జిమమ్ బూస్ట్, కాన్‌స్టంట్ బూస్ట్.

విశాఖ మద్దిలపాలెం రూములో కూర్చుని, మోటారు నడిపే మా ప్రాజెక్టుకి లెక్క వేశాను. ప్యానెళ్లిచ్చేది 300 వోల్టులు, కావాల్సింది 415 వోల్టుల త్రీ ఫేజ్. సింపుల్ బూస్ట్‌తో స్విచ్‌ల మీద పడేది సుమారు 1055 వోల్టులు. మా దగ్గరున్నవి 1200 వోల్టుల ఐజీబీటీలు. ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే స్పైక్ కూడా కలిస్తే ఇక టెన్షనే. అదే అవుట్‌పుట్‌కి మ్యాగ్జిమమ్ బూస్ట్‌లో 821 చాలు, కాన్‌స్టంట్ బూస్ట్‌లో 874.

మరి 821 ఉండగా 874 ఎందుకు? మ్యాగ్జిమమ్ బూస్ట్ జీరో స్టేట్‌లన్నిటినీ, అంటే అవుట్‌పుట్‌కి వోల్టేజీ వెళ్లని క్షణాలన్నిటినీ, షార్ట్‌గా మార్చేస్తుంది. కానీ ఆ షార్ట్ సమయం ఒక్కో సైకిల్‌లో ఆరుసార్లు పెరిగి తగ్గుతుంది, అంటే 50 హెర్ట్జ్ దగ్గర సెకనుకి 300 సార్లు. ల్యాబ్‌లో మా ఇండక్టర్ తుమ్మెదలా జుమ్మంది. బల్ల మీద చెయ్యి పెడితే అదురు తెలిసింది. మోటారుని 10 హెర్ట్జ్‌కి తగ్గిస్తే ఆ రిపుల్ 60కి దిగుతుంది. అప్పుడు ఇండక్టర్ బాగా పెద్దది చుట్టాలి. రాగి ధర తెలిసినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు.

కాన్‌స్టంట్ బూస్ట్‌లో షార్ట్ సమయం మారదు కాబట్టి ఆ గోలే లేదు. స్విచ్‌లని నడిపే సైన్ వేవ్‌కి మూడో హార్మోనిక్‌ని (మూడింతల ఫ్రీక్వెన్సీ వేవ్‌ని) ఆరో వంతు కలిపితే మాడ్యులేషన్, అంటే ఆ సైన్ వేవ్ ఎత్తు, 1 దాటి 1.15 దాకా పోతుంది. లైన్ వోల్టేజీలో ఆ హార్మోనిక్ కనపడదు కూడా. 53 వోల్టులు ఎక్కువైనా నా ఓటు దీనికే.

ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలుతున్న 2 మెగావాట్ల ప్యానెళ్లలా గ్రిడ్‌కి ఇచ్చే పనైతే ఎప్పుడూ 50 హెర్ట్జే. అలాంటి చోట, ఇండక్టర్‌కి జాగా ఉంటే, మ్యాగ్జిమమ్ బూస్ట్ గురించి ఆలోచించొచ్చు.

సింపుల్ బూస్ట్ కోడు మాత్రం డిలీట్ చెయ్యలేదు. కొత్త బోర్డు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు, 60 వోల్టుల సప్లై పెట్టి, ముందు దాన్నే వేస్తాను.