గ్నూక్యాష్‌లో పద్దు రాసేవాళ్లకి ఏ బ్రోకర్ నయం: జెరోధా వాడకంపై నా సమీక్ష

ఇంటి లెక్కలన్నీ గ్నూక్యాష్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసుకునేవాళ్లు షేర్ల బ్రోకర్‌ని ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఒకటే: లావాదేవీల ఫైలు పూర్తిగా, సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో మన చేతికొస్తుందా లేదా? బ్రోకరేజీ ఎంత, యాప్ ఎంత బాగుంది అన్నవి ఆ తర్వాతి సంగతులు. మాది విజయనగరం. నా ఖాతా జెరోధా అనే ఆన్‌లైన్ బ్రోకర్ దగ్గర ఉంది, మామగారిది ఊళ్లో బ్రాంచి ఉన్న మరో బ్రోకర్ దగ్గర. రెండింటి పద్దులూ ఏళ్లుగా నేనే రాస్తున్నాను.

జెరోధాలో రిపోర్టులుండే కన్సోల్ అనే పేజీలోకి వెళ్తే ట్రేడ్‌బుక్, అంటే కొన్నవీ అమ్మినవీ అన్నిటి జాబితా, సీఎస్‌వీగా (గడులు విడివిడిగా ఉండే ఫైలుగా) దిగుతుంది. తేదీ, షేరు గుర్తు, ఐఎస్ఐఎన్ (ఒక్కో షేరుకి ఉండే ప్రత్యేక కోడ్), కొన్నదా అమ్మినదా, ఎన్ని, ఏ ధర, ఆర్డర్ నంబరు అన్నీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఐఎస్ఐఎన్. కంపెనీ పేరు మారినా షేరు ఏదో తికమక పడక్కర్లేదు. ముఖవిలువ చీలితే (ఒక షేరు చిన్న విలువ షేర్లుగా విడితే) మాత్రం ఐఎస్ఐఎన్ కూడా మారుతుంది, అది గుర్తుంచుకోవాలి. ఒకే ఆర్డరు ముక్కలు ముక్కలుగా పూర్తయితే నాలుగైదు వరుసలొస్తాయి. వాటిని ఆర్డర్ నంబరు పట్టుకుని కలిపేస్తాను. గ్నూక్యాష్‌లో ఏ గడి దేనికో ఒక్కసారి చెప్పి సేవ్ చేసుకుంటే మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు.

అయితే ట్రేడ్‌బుక్ ఒక్కటే చాలదు. రూ. 250 చొప్పున 100 షేర్లు డెలివరీకి (అదే రోజు అమ్మేయకుండా ఉంచుకోడానికి) కొన్నారనుకోండి. ట్రేడ్‌బుక్‌లో రూ. 25,000 కనిపిస్తుంది. బ్రోకర్ ఇచ్చే బిల్లులాంటి కాంట్రాక్ట్ నోటులో దానిమీద 0.1 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) రూ. 25, 0.015 శాతం స్టాంపు డ్యూటీ రూ. 3.75, ఎక్స్ఛేంజీ రుసుములు ఉంటాయి. ఎస్‌టీటీకి నేను వేరే ఖర్చు ఖాతా పెట్టాను, ఎందుకంటే మూలధన లాభం లెక్కలో దాన్ని కొన్న ధరకు కలపనివ్వరు. అమ్మిన రోజు పడే డీపీ ఛార్జీ (షేర్లుండే డీమ్యాట్ ఖాతా నుంచి వాటిని బయటికి పంపే రుసుము) కాంట్రాక్ట్ నోటులో కూడా దొరకదు, బ్రోకర్ దగ్గర మన డబ్బు రాకపోకలు చూపే లెడ్జర్‌లోనే కనిపిస్తుంది. అందుకే ట్రేడ్‌బుక్, కాంట్రాక్ట్ నోటు, లెడ్జర్ మూడూ ఇచ్చే బ్రోకరే కావాలి. జెరోధాలో మూడూ ఎవర్నీ అడగకుండానే దించుకోవచ్చు. డివిడెండు సంగతి వేరు. అది కంపెనీ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకే వస్తుంది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటు చూసి రాస్తాను.

మామగారి ఖాతాతో పడిన అవస్థ ఇంతా అంతా కాదు. స్టేట్‌మెంటు పీడీఎఫ్‌గానే ఇస్తారు. ఒక్కో పేజీలో గడులు ఒక్కోలా జరిగి ఉంటాయి. ఎక్సెల్ ఫైలు ఇమ్మని అడిగితే బ్రాంచిలో కుర్రాడు, "ఫైలెందుకమ్మా, యాప్‌లో అన్నీ అవుపడతన్నాయి కదా" అన్నాడు. ఆ యాప్‌లో అవుపడిందే తప్పు. 2023 జూలైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు ఒక్కో షేరుకి ఒక్కో షేరు వచ్చింది. కంపెనీ చెప్పిన ప్రకారం పాత కొనుగోలు ధరలో 95.32 శాతం రిలయన్స్‌కి, 4.68 శాతం జియోకి పంచాలి. రెండు లక్షలు పెట్టి కొన్న షేర్లయితే రూ. 9,360 జియో వైపు వెళ్లాలి. ఆ యాప్‌లో జియో కొన్న ధర సున్నా, రిలయన్స్‌ది పాత ధరే. ఆ అంకెలతో పన్ను రిటర్ను వేస్తే రెండు వైపులా తప్పే. గ్నూక్యాష్‌లో నేనే ఆ మొత్తాన్ని జియో ఖాతాకి మార్చాను. కొన్న తేదీ మాత్రం రిలయన్స్ కొన్న పాత తేదీయే.

ఈ తేదీలు ఎందుకంత ముఖ్యమంటే, డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. ఏడాది దాటిన షేర్ల లాభం మీద 2024 జూలై 23 నుంచి పన్ను 12.5 శాతం. ఏడాదికి రూ. 1.25 లక్షల దాకా పన్ను లేదు. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఏ లాటు (ఒకసారి కొన్న షేర్లు) ఏ రోజు కొన్నదో పద్దులో లేకపోతే ఆడిటర్ దగ్గరికెళ్లి కూర్చున్నా తేలదు.

మ్యూచువల్ ఫండ్ల ధరల విషయంలో బ్రోకర్ అవసరమే లేదు. ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ రోజూ ప్రకటించే ఎన్‌ఏవీని (ఒక్కో యూనిట్ ధరని) స్కీము కోడ్ ఇస్తే గ్నూక్యాష్ తనే తెచ్చుకుంటుంది.

మార్చి 31 నాటి షేర్ల సంఖ్యని డిపాజిటరీ (డీమ్యాట్ షేర్లని భద్రపరిచే సంస్థ) పంపే క్యాస్‌తో, అంటే మన పెట్టుబడులన్నీ ఒకచోట చూపే స్టేట్‌మెంటుతో సరిచూస్తాను. ఆ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ మన పాన్ నంబరే. బ్రోకర్ ఎవరైనా ఈ పని మానకూడదు.

ఫోన్‌లో చూసుకుని వదిలేసేవాళ్లకి ఏ బ్రోకరైనా ఒకటే. పద్దు రాసేవాళ్లకి మాత్రం జెరోధా ధైర్యంగా చెప్తాను. పాత బ్రోకర్‌ని వదిలేసేవాళ్లు ఖాతా మూయించే ముందే మొదటి ఏడాది నుంచి కాంట్రాక్ట్ నోట్లు, లెడ్జర్ అన్నీ దించి పెట్టుకోండి. షేర్లు కొత్త ఖాతాకి మారతాయి గానీ, వాటిని కొన్న ధర వాటితోపాటు రాదు.