నల్లజాతి పురుషుడు, నల్లజాతి స్త్రీ: అమెరికాలో రోజువారీ వివక్షలో తేడా

మగవాడికి వివక్ష ఎక్కువగా అనుమానం రూపంలో ఎదురవుతుంది. అతను లిఫ్టు ఎక్కగానే పక్కావిడ హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంటుంది. న్యూయార్క్‌లో 2011లో పోలీసులు దాదాపు 6,85,000 సార్లు జనాన్ని దారిలో ఆపారు. అందులో సగానికి పైగా నల్లవాళ్లనే. మొత్తం మీద దాదాపు పదింట తొమ్మిది సార్లు కేసూ లేదు, అరెస్టూ లేదు.

స్త్రీనీ దుకాణాల్లో గార్డు వెంబడిస్తాడు. కానీ ఆమెకు మరో పోటు ఉంది, చిన్నచూపు. అడగకుండానే జుట్టు ముట్టుకుంటారు, సన్నజడలు ఆఫీసుకు పనికిరావంటారు. జుట్టు తీరు చూసి చూపే ఈ వివక్షను కాలిఫోర్నియా 2019లో చట్టంతో నిషేధించాల్సి వచ్చింది. గట్టిగా మాట్లాడితే కోపిష్టిదని ముద్ర. అన్నిటికన్నా ఘోరం ఆసుపత్రిలో: నొప్పి అంటే తేలిగ్గా తీసేస్తారు. 2021లో లక్ష ప్రసవాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, శ్వేతజాతి తల్లులవి 26.6. ఈ తేడాకు కారణాలు చాలానే ఉన్నా, వైద్యులు వాళ్ల మాట వినకపోవడం వాటిలో ఒకటి.

ఫిర్యాదు చేసినా ఆమెకే కష్టం. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌పై ఐదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాలో, జాతినీ లింగాన్నీ కలిపి చూడబోమని 1976లో కోర్టు తేల్చింది. కంపెనీలో ఆడవాళ్లున్నారు, నల్లవాళ్లూ ఉన్నారు. అయితే 1964కు ముందు అది తీసుకున్న ఆడవాళ్లు తెల్లవాళ్లు, నల్లవాళ్లు మగవాళ్లు. ఈ సందులో పడిపోయినవాళ్ల గురించే 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా రాశారు.