పసుపు పొడి యూనిట్‌కి గ్రాంటు: సొంతంగా తీసుకోవాలా, సంఘంగానా, లేక అద్దె మిషన్ చాలా?

దుగ్గిరాల వైపైనా, నిజామాబాద్ వైపైనా పసుపు వేసే ఊళ్లలో ఈ మాట తరచూ వస్తుంది: కొమ్ములు యార్డుకు తోలే బదులు మనమే పొడి పట్టి ప్యాకెట్లు కడితే ఎలా ఉంటుంది? వెంటనే ఎవరో ఒకరు పీఎంఎఫ్‌ఎంఈ పేరెత్తుతారు. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకం ఇది. ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 చొప్పున భరిస్తాయి. 35 శాతం సబ్సిడీ అనగానే అప్లికేషన్ రాయాలనిపిస్తుంది గానీ, ఇందులో దారులు మూడున్నాయి. మూడూ అందరికీ సరిపోవు.

సొంత యూనిట్ పెడితే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు వస్తాయి. కనీసం 10 శాతం మన జేబులోంచి పెట్టాలి, మిగతాది బ్యాంకు లోను. స్థలం ధర లెక్కలోకి రాదు. చాలామంది పొరబడేది ఒక్క చోట: సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంటుంది. లోను ఆఖరి విడత అందిన మూడేళ్ల తర్వాత, వాయిదాలు సరిగ్గా కడుతూ యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేస్తారు. 10 లక్షల యూనిట్ అనుకుంటే 3.5 లక్షలు మనవే, కానీ అప్పటిదాకా కాగితం మీదే.

అసలు చూడాల్సింది సబ్సిడీ శాతం కాదు, మిషన్ ఏడాదిలో ఎన్నాళ్లు తిరుగుతుందన్నది. పసుపు తవ్వకం ఎక్కువగా జనవరి నుంచి మొదలవుతుంది. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం అన్నీ ఆ కొద్ది నెలల్లోనే అయిపోవాలి. వంద కిలోల పచ్చి దుంపకు ఎండిన కొమ్ము పాతిక కిలోల లోపే దిగుతుంది. అంటే ఒక్క ఇంటి పంటకు స్టీమ్ బాయిలర్, పాలిష్ డ్రమ్ము కొంటే సీజన్ అయ్యాక అవి టార్పాలిన్ కప్పుకుని కూర్చుంటాయి. ఈఎంఐ మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది! పొడి పట్టే మిషన్ సంగతి వేరు. పసుపు లేనప్పుడు మిరప, ధనియాలు పట్టొచ్చు, ఊళ్లోవాళ్లకు కూలికి ఆడించొచ్చు.

అందుకే బాయిలర్, డ్రమ్ము లాంటివి సంఘం పేరు మీద ఉండటమే నయం. డ్వాక్రా సంఘాలు, ఎఫ్‌పీఓలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు) ఉమ్మడి సదుపాయం కట్టుకుంటే 35 శాతం లెక్కన 3 కోట్ల దాకా గ్రాంటు ఉంది. అయితే బయటివాళ్లకూ అద్దెకు ఇవ్వాలన్నది షరతు. ఇక్కడే పేచీ. ముందు ఎవరి దుంప ఉడకాలి, కరెంటు బిల్లు ఎవరి వంతు, అద్దె లెక్క ఎవరు రాయాలి అన్నవి తేల్చుకోకుండా షెడ్డు కడితే రెండో సీజన్‌కే గొడవ. లోను భారం తగ్గాలంటే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కూడా కలుపుకోవచ్చు: 2 కోట్ల వరకు లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ, ఏడేళ్ల దాకా. డ్వాక్రా మహిళలకు విడిగా ఒక్కొక్కరికి 40,000 వరకు మూలధనం సమాఖ్య ద్వారా అందుతుంది, కాకపోతే అది తిరిగి కట్టాల్సిన అప్పే.

మూడో దారి ఇంక్యుబేషన్ సెంటర్, అంటే మిషన్లు పెట్టి అద్దెకు వాడుకోనిచ్చే కేంద్రం. ప్రభుత్వ సంస్థలకైతే దీనికి గ్రాంటు నూటికి నూరు శాతం ఉంటుంది. మనం సరుకు పట్టుకెళ్లి, అద్దె కట్టి, పొడి పట్టించుకుని రావడమే. దూరమైతే ఆటో ఖర్చు తినేస్తుంది. అయినా ఇంకా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మనివాళ్లకు నేను ముందు దీన్నే చెబుతాను. ఒక సీజన్ ఇలా అద్దె మిషన్ మీద పట్టి, ప్యాకెట్లు కట్టి అమ్మి చూడండి. కొనేవాళ్లు మళ్లీ అడిగితే పొడి మిషన్‌కు సొంతంగా అప్లై చేయండి. బాయిలర్, డ్రమ్ముల సంగతి అప్పుడు సంఘంలో మాట్లాడొచ్చు.

ఇంకొక్కటి. అప్లికేషన్, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉంటారు. వాళ్లకు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మనం ఇవ్వక్కర్లేదు. పథకాన్ని 2025-26 వరకే పొడిగించారు కాబట్టి, వాళ్లను కలిసినప్పుడు ముందు గడువు సంగతి అడగండి.