మేనేజ్‌మెంట్ సీటులో సీఎస్ఈయా, కన్వీనర్ సీటులో ఈసీఈయా, లేక డిగ్రీయా: ఏది మేలు?

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాక విజయవాడ, గుంటూరు ఇళ్లలో నడిచే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మావాడికి ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చిందండీ. పేరున్న కాలేజీలో కన్వీనర్ కోటాలో సీఎస్ఈ రాదంటున్నారు, ఈసీఈనో ట్రిపుల్‌ఈనో వస్తుందట. మేనేజ్‌మెంట్‌లో సీఎస్ఈ తీసేసుకుందామా?" అని తండ్రి. "అంత అప్పు దేనికిరా, లయోలాలో డిగ్రీలో చేరిస్తే పోలా?" అని తాతయ్య. మధ్యలో పిల్లవాడు ఎవరికీ ఎదురు చెప్పలేక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. సీఎస్ఈ అంటే కంప్యూటర్ సైన్స్, ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్, ట్రిపుల్‌ఈ (ఈఈఈ) అంటే ఎలక్ట్రికల్. ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చేది కన్వీనర్ సీటు, కాలేజీయే నేరుగా ఇచ్చేది మేనేజ్‌మెంట్ సీటు.

గుంటూరులో బ్యాంకు ఉద్యోగంలో ఉండగా చదువు లోన్ల దరఖాస్తులు నా దగ్గరికే వచ్చేవి. ఈ మూడు దారుల్లోనూ వెళ్లిన కుటుంబాలను దగ్గర నుంచి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి కాలేజీలో కన్వీనర్ కోటా ఈసీఈ సీటు, అప్పు చేసి తీసుకునే మేనేజ్‌మెంట్ సీఎస్ఈ కంటే మేలు. ఫ్యాకల్టీ లేని కాలేజీలో బీటెక్ కంటే మంచి కాలేజీలో డిగ్రీ మేలు. ఇదంతా ఎంపీసీ పిల్లల సంగతి. బైపీసీ వాళ్ల లెక్క పూర్తిగా వేరు.

ఒకే తరగతి, రెండు ఫీజులు

మన రాష్ట్రంలో ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఆ 30లోనే ఎన్ఆర్ఐ సీట్లు కూడా ఉంటాయి. కన్వీనర్ సీటు ఫీజును ఉన్నత విద్యా కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం ఖరారు చేస్తుంది. కాలేజీని బట్టి అది ఏడాదికి సుమారు 40 వేల నుంచి లక్ష దాటేదాకా ఉంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకు చేతికిచ్చే మొత్తం మాత్రం కాలేజీని బట్టి, బ్రాంచిని బట్టి, ఆఖరికి మీరు వెళ్లి అడిగిన నెలను బట్టి కూడా మారుతుంది. చేరాక ఇద్దరు పిల్లలూ అదే గదిలో, అదే లెక్చరర్ దగ్గర, అదే ల్యాబులో చదువుతారు. పట్టా మీద ఏ కోటాలో చేరారో రాయరు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర తేడా ఇంకా పెద్దది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండి, కన్వీనర్ కోటాలో చేరి, 75 శాతం హాజరు ఉంచుకుంటే ఫీజు ప్రభుత్వం కడుతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు (కౌన్సెలింగ్‌లో మిగిలిన సీట్లను కాలేజీలోనే నింపడం) ఇది రాదు. వడ్డేశ్వరం కేఎల్, వడ్లమూడి విజ్ఞాన్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీల్లో (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థలు) నేరుగా చేరినవాళ్లకూ రాదు. కానూరులో 1977లో మొదలైన వీఆర్ సిద్ధార్థ కూడా ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీయే. "మా బావమరిది అక్కడ కన్వీనర్ సీటులోనే చదివాడు" అని పాత లెక్క వేసుకోకుండా, ఈ ఏడాది వెబ్ ఆప్షన్ల (కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకోవడం) జాబితాలో ఏ కాలేజీ ఉందో, ఏది లేదో స్వయంగా చూసుకోండి. విట్-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ లాంటి ప్రైవేట్ యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లను 2021 నుంచి కన్వీనర్ కోటాలో ఇస్తున్నారు. ర్యాంకు బాగున్నవాళ్లు వాటిని ముందు వరుసలో పెట్టుకోవచ్చు.

రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. డబ్బు సమయానికి రాని సంవత్సరాలు చాలా ఉన్నాయి. అప్పుడు కాలేజీలు హాల్ టికెట్ ముందో, సర్టిఫికెట్ల ముందో "ముందు మీరు కట్టండి" అంటాయి. కనీసం ఒక ఏడాది ఫీజు పక్కన పెట్టుకోగలిగితే ఆ టెన్షన్ పిల్లల మీద పడదు.

పది లక్షలు నిజంగా ఎంతవుతాయి

మేనేజ్‌మెంట్ సీటో, డీమ్డ్ యూనివర్సిటీ సీటో ఏడాదికి రెండున్నర లక్షలు అనుకుందాం. నాలుగేళ్లకు పది లక్షలు. హాస్టల్, బస్సు, ల్యాప్‌టాప్ దీనికి అదనం.

ఆ పది లక్షలూ బ్యాంకు లోను అయితే, వడ్డీ 10 శాతం అనుకుంటే, చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. ఏటా ఫీజు కట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఐదో ఏడాది చివరికి సుమారు మూడున్నర లక్షల వడ్డీ పేరుకుంటుంది. అంటే వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 13.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800. ఆ అబ్బాయికి మొదటి ఉద్యోగంలో పాతిక వేలు చేతికొస్తే, హైదరాబాద్‌లో హాస్టల్‌కీ తిండికీ మిగిలేది ఏడు వేల చిల్లర. ఏదో ఒక నెల వాయిదా కట్టలేకపోతాడు. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రికి బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. అప్పులు తీర్చే తీరును బట్టి ఇచ్చే ఆయన సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది.

చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తూ పోతే ఈ భారం చాలా తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకు రెండు వేల చిల్లర, నాలుగో ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు. అప్పు పది లక్షల దగ్గరే ఆగి, తర్వాత వాయిదా 13,200 దాకా ఉంటుంది. లోను తీసుకునే ప్రతి ఇంటికీ నేను ఈ సంగతి చెప్పేవాణ్ణి. చెప్పినట్టు చేసినవాళ్లు ఇబ్బంది పడటం నేను చూడలేదు.

బ్యాంకుకు వెళ్లడానికి మొహమాటపడి, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పది లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మిర్చి ధర బాగుంటుందన్న ధైర్యంతో ఇలా తెచ్చి, ధర పడిపోయిన ఏడాది ఎకరం అమ్ముకున్న రైతులు నాకు తెలుసు. చదువు కోసం బయట వడ్డీకి తేవద్దు. బంగారం మీద బ్యాంకు లోను అయినా అంతకంటే మేలు.

బ్యాంకు లోనులోనూ మేనేజ్‌మెంట్ సీటుది వెనకబాటే. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవాళ్లకు హామీ, తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా రుణానికి చదువు కాలంలో, ఆ తర్వాత ఏడాదిలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్నవాళ్లు సాంకేతిక, వృత్తి కోర్సుల్లో చేరితే ఆ కాలానికి పూర్తి వడ్డీ రాయితీకి అవకాశముంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఈ పథకం వర్తించదు. డీమ్డ్ యూనివర్సిటీలో దాని ప్రవేశ పరీక్ష రాసి మెరిట్ మీద సీటు తెచ్చుకున్నవాళ్లు, ఆ సంస్థ జాబితాలో ఉంటే, అడగవచ్చు. ఇక రసీదు లేకుండా కట్టమనే డబ్బుకు ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. రసీదు ఇవ్వనన్నచోట సీటు తీసుకోకండి.

సీఎస్ఈ కోసం ఇంత ఇవ్వాలా

సీఎస్ఈ వద్దని చెప్పడం లేదు. ఇంట్లో డబ్బు ఉండి, అప్పు అవసరం లేకుండా, పిల్లవాడికి కోడింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే ఇవ్వండి. కానీ ఎక్కువ ఇళ్లలో నాకు వినిపించే మాట, "సీఎస్ఈ అయితేనే ఉద్యోగం". టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు కాలేజీకి వచ్చినప్పుడు ఈసీఈ, ఈఈఈ పిల్లలనూ పరీక్షకు కూర్చోబెడతాయి. అటానమస్ కాలేజీల్లో (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునేవి) చాలాచోట్ల ఈసీఈ చదువుతూనే కంప్యూటర్ సైన్స్‌లో మైనర్, అంటే అదనంగా కొన్ని సబ్జెక్టులు, చేసుకోవచ్చు. పైగా 2024–25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల సంఖ్యపై సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పరిమితి ఎత్తేసింది. దాంతో ఒక్కో కాలేజీలో సీఎస్ఈ సెక్షన్లు పెరిగాయి. కొత్త సెక్షన్లకు పాఠం చెప్పేది అనుభవమున్న లెక్చరరేనా, నిరుడు పాసై బయటికొచ్చిన కుర్రాడా అన్నది చేరకముందే అడగాల్సిన ప్రశ్న.

చౌడవరం ఆర్‌వీఆర్ అండ్ జేసీ, కానూరు పీవీపీ సిద్ధార్థ, మైలవరం లకిరెడ్డి బాలిరెడ్డి లాంటి పాత అటానమస్ కాలేజీల్లో ఈసీఈ వచ్చినా, పేరు కూడా తెలియని కాలేజీలో సీఎస్ఈ వచ్చినా, నేనైతే మొదటిదే ఎంచుకోమంటాను. ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగలిగితే హాస్టల్ ఖర్చు కూడా మిగులుతుంది. కన్వీనర్ ఫీజు ఏడాదికి 80 వేలనుకున్నా నాలుగేళ్లకు 3.2 లక్షలు. రీయింబర్స్‌మెంట్ లేని మధ్యతరగతి ఇల్లు కూడా చీటీ పాట, పీఎఫ్‌తో లాగేయగల మొత్తం ఇది.

కాలేజీని తూచడానికి హోర్డింగు మీద "అత్యధిక ప్యాకేజీ" చూడకండి. అది ఒక్క పిల్లవాడి జీతం. కేంద్రం ఏటా కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు తాము ఇచ్చిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నది అందులో ఉంటుంది. నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. మీ పిల్లవాడు చేరే బ్రాంచికి ఉందో లేదో చూడండి. డీమ్డ్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తానంటే అది నాలుగేళ్లకా, మొదటి ఏడాదికా, ఎంత సీజీపీఏ (మార్కుల సగటు) ఉంటే కొనసాగుతుంది అన్నవి కాగితం మీద రాయించుకోండి.

జేఈఈ మెయిన్‌లో ర్యాంకు ఉన్నవాళ్లు తాడేపల్లిగూడెం ఎన్ఐటీని మరవొద్దు. 2015లో వచ్చిన ఈ సంస్థలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవి. ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు. ఆదాయం 5 లక్షల లోపుంటే అందులో మూడింట రెండొంతులు, లక్ష లోపుంటే మొత్తం మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజే లేదు. మేనేజ్‌మెంట్ సీటు కంటే చాలామందికి ఇదే చవక.

డిగ్రీని తక్కువగా చూడొద్దు

వెబ్ ఆప్షన్లలో మంచి కాలేజీలేవీ రాక, ల్యాబులు సరిగా లేని కాలేజీలో సీటు వచ్చిందనుకోండి. "బీటెక్ అయితే చాలు" అని అక్కడ చేర్పించడం కంటే డిగ్రీ నయం. ఆంధ్రా లయోలా, మారిస్ స్టెల్లా, పీబీ సిద్ధార్థ, ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కాలేజీ విజయవాడలో, 1885 నాటి ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, ప్రభుత్వ మహిళా కాలేజీ గుంటూరులో ఉన్నాయి. ఇంత పాత కాలేజీలు దగ్గరలో ఉండటం మన అదృష్టం. ప్రభుత్వ కాలేజీలో ఫీజు అందరికీ అందుబాటులో ఉంటుంది.

డిగ్రీ తర్వాత ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏలో చేరవచ్చు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. అంటే బీటెక్ కంటే ఒక్క ఏడాది ఎక్కువ, అప్పు మాత్రం చాలా తక్కువ. బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. లెక్కల్లో పదునున్న పిల్లలు ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఎమ్మెస్సీకి వెళ్తున్నారు. ఇక గుంటూరు, విజయవాడల్లో చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణకు ఉన్న పేరు చెప్పనక్కర్లేదు. ఎంపీసీ చదివినవాళ్లూ సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. 2023 నుంచి ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకునే కాలం) మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, ఆ కాలంలో స్టైపెండ్ కూడా వస్తుంది. సీఏ కష్టమైన చదువు, పరీక్షలు పదేపదే రాయాల్సి వస్తుంది. కానీ తప్పిన పిల్లవాడి వెనక పది లక్షల అప్పు ఉండదు.

డిగ్రీలో ఉన్న ఇబ్బంది ఒకటే. ఎవరూ తరిమి చదివించరు. ఇంటర్ దాకా గంట గంటకీ స్టడీ అవర్‌లో పెరిగిన మన పిల్లలు, మధ్యాహ్నానికే ఖాళీ దొరికితే చెదిరిపోయే ప్రమాదం ఉంది. తనంతట తాను పుస్తకం పట్టే అలవాటు లేని పిల్లవాడికి ఇంజనీరింగ్ కాలేజీ కట్టుబాటే మంచిది.

ఒకటి మాత్రం నన్ను ఎప్పుడూ బాధపెట్టేది. అదే ఇంట్లో కొడుక్కి మేనేజ్‌మెంట్ సీటు కోసం స్థలం అమ్ముతారు, కూతురికి అంతకంటే మంచి ర్యాంకు వచ్చినా "ఇంటి పక్క డిగ్రీ చాలమ్మా, పెళ్లికి డబ్బుండాలి" అంటారు. కన్వీనర్ కోటాలో ప్రతి బ్రాంచిలో మూడో వంతు సీట్లు అమ్మాయిలవి. చివరి ర్యాంకుల జాబితాలో వాళ్ల వరుస విడిగా ఉంటుంది, చాలాసార్లు అబ్బాయిలకు రాని సీటు అక్కడ వస్తుంది. ఆ వరుస చూడకుండా ఆప్షన్లు పెట్టొద్దు. అప్పు చేయగలిగేది ఒక్కరికే అయితే, అది ర్యాంకు తెచ్చుకున్న పిల్లకే చేయండి.

కౌన్సెలింగ్ పూర్తవకముందే "ఈరోజు కట్టకపోతే సీటు పోతుంది" అని కాలేజీల వాళ్లు ఫోన్ చేస్తారు. కన్వీనర్ కోటా తుది విడత అయ్యేదాకా ఆగండి. ఆగలేక కట్టాల్సి వస్తే, మానుకుంటే ఎంత తిరిగిస్తారో రాసిన కాగితం తీసుకుని, బ్యాంకు ఖాతా ద్వారానే కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాలు వాళ్లు చూసి సరిపోల్చుకున్నాక అక్కడే వెనక్కి తీసుకుని, జిరాక్సులు మాత్రమే ఇచ్చి రండి.