వాన రోజు క్లాసులో: వామనగుంటలా, అష్టాచమ్మానా?

వానపడి ఇంటర్వెల్ గదిలోనే గడపాలంటే ఈ రెండు ఆటలకూ సుద్దముక్క, చింతగింజలు చాలు.

సరంజామాలో అష్టాచమ్మా తేలిక. నేలమీద 5×5 గళ్లు, 4 గవ్వలు, నలుగురు పిల్లలు. 40 మందికి 10 పటాలు చాలు. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకవైపు గరుకునేల మీద తెల్లబడేదాకా అరగదీయాలి. వామనగుంటలకు ఇద్దరికో పటం: వరుసకు 7 చొప్పున 14 గుంటలు, గుంటకు 5 గింజలు, మొత్తం 70. అంటే 40 మందికి 1400 గింజలు! గుంటకు 3 చొప్పున వేస్తే పటానికి 42తో సరిపోతుంది, ఆట కూడా త్వరగా తేలుతుంది.

అష్టాచమ్మాలో అసలు చిక్కు కాయ దిగడం దగ్గర. చమ్మా (నాలుగు గవ్వలూ వెల్లకిలా) గానీ అష్టా (నాలుగూ బోర్లా) గానీ పడితేనే దిగాలంటే, 16 రకాల పడకల్లో అవి రెండే. పావుగంట ఇంటర్వెల్ ఎదురుచూపులతోనే అయిపోతుంది. కాయలన్నీ మొదటే దింపి, మనిషికి రెండే ఇవ్వండి. ఐదో తరగతికి మాత్రం ఈ 16 పడకలు బంగారం లాంటి లెక్క: రెండు (రెండు గవ్వలు వెల్లకిలా) ఎక్కువసార్లు ఎందుకు పడుతుందో గీతలు గీసి లెక్కపెట్టమనండి.

మూడో తరగతి లోపు పిల్లలకైతే వామనగుంటలే మేలు. ఒక్కో గింజా వదులుతూ వేళ్లతో లెక్కపెడతారు. తొందరలో ఒకే గుంటలో రెండు జారవిడుస్తారు, దాంతో పంపకం వేరేచోట ఆగి గొడవ మొదలవుతుంది. గింజల్ని గుప్పిట్లో కాక ఎడమ అరచేతిలో పరిచి, కుడిచేత్తో ఒక్కొక్కటీ తీయమనండి.