పాత సెయిల్‌బోట్ కొంటున్నారా? "అప్‌గ్రేడ్స్" లిస్ట్ చూసి డబ్బు కట్టకండి

నాకు తెలిసిన తెలుగువాళ్ళే ముగ్గురు ఈ సీజన్‌లో పాత సెయిల్‌బోట్ కోసం వెతుకుతున్నారు. అందులో ఒక తమ్ముడు మొన్న రాత్రి ఒక ప్రకటన పంపించి "అన్నా, ఇది ఎలా ఉంది?" అని అడిగాడు. చదువుతుంటే గుండె గుభేలుమంది. "కొత్త డెక్ పెయింట్, కొత్త కుషన్లు, లిథియం బ్యాటరీలు, సోలార్ ప్యానెల్, పెద్ద చార్ట్‌ప్లాటర్. ఎక్కి బయల్దేరడమే ఆలస్యం." (చార్ట్‌ప్లాటర్ అంటే నీటి దారుల మ్యాప్ చూపించే స్క్రీన్.) రెండేళ్ళ కిందట నేను నమ్మి కొన్న పడవ ప్రకటన కూడా దాదాపు ఇవే మాటలు. అతనికి ఫోన్లో గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, కానీ డబ్బు కట్టేముందు ఒక్కసారి పూర్తిగా చదవండి.

సికింద్రాబాద్‌లో చదువుకునే రోజుల్లో హుస్సేన్ సాగర్ మీద లేజర్ పడవ నేర్చుకున్నాను. ఒక్క మనిషి, ఒక్క తెరచాప. అందులో ఏది పాడైనా కళ్ళ ముందే ఉంటుంది. అమెరికా వచ్చాక కుటుంబంతో రెండు రాత్రులు గడపగలిగే పడవ కావాలనిపించింది. అలాంటి పడవలో వంటగది, టాయిలెట్, డీజిల్ ఇంజన్, నలుగురికి పడకలు ఉంటాయి. ప్రాణాలు కాపాడే భాగాలు మాత్రం ఆ చెక్క పలకల వెనకాల, కుషన్ల కింద దాక్కుని ఉంటాయి. ఆ తేడా నాకు అప్పట్లో సరిగ్గా ఎక్కలేదు.

నేను కొన్నది 1985 నాటి 30 అడుగుల పడవ. మేరీల్యాండ్‌లో అనాపొలిస్ దగ్గర ఒక మరీనాలో, అంటే పడవలు కట్టి ఉంచే చోట, ఉండేది. 21,000 డాలర్లు అడిగారు, 18,500కి బేరం తెగింది. చూడ్డానికి వెళ్ళిన రోజు లోపలంతా కొత్త కుషన్ల వాసన. డెక్, అంటే మనం నడిచే పడవ పైభాగం, పాలతో కడిగినట్టు తెల్లగా ఉంది. స్విచ్ వేస్తే ఎల్‌ఈడీ దీపాలు వెలిగాయి, స్క్రీన్ మీద చెసపీక్ బే మొత్తం లోతులతో సహా కనిపించింది. మా ఆవిడ కూడా "బాగుందండీ, తీసుకుందాం" అంది. కంటికి కనిపించేవన్నీ ఇంత శ్రద్ధగా చేయించినవాడు కనిపించనివి కూడా అలాగే చూసుకుని ఉంటాడని నేను అనుకున్నాను. దెబ్బతిన్నది ఆ ఒక్క ఊహ దగ్గరే.

ఆ జులైలో ఒక శనివారం నేను, మా ఆవిడ, మా బావమరిది బయల్దేరాం. సెవర్న్ నది ముఖద్వారం దాటి, థామస్ పాయింట్ లైట్‌హౌస్‌ని చూసి వద్దామని దక్షిణంగా వెళ్తున్నాం. చెసపీక్‌లో వేసవి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి తెలుసు, పడమట మబ్బు పట్టిందంటే అరగంటలో గాలి విరుచుకుపడుతుంది. బే సగటు లోతు 20 అడుగుల పైచిలుకే కాబట్టి గాలి లేవగానే అలలు కూడా పొట్టిగా, నిటారుగా లేస్తాయి. గాలి 20 నాట్స్ (గంటకి 37 కిలోమీటర్లు) దాటుతుంటే తెరచాప కాస్త చుట్టి చిన్నది చేద్దామని లేచాను. నా చెయ్యి తాడు మీద పడేలోపే కుడివైపు నుంచి "ఠప్" మని శబ్దం. తుపాకీ పేలిందేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే మాస్ట్‌ని, అంటే తెరచాపలు మోసే నిలువు స్తంభాన్ని, కుడిపక్క నుంచి పట్టి ఉంచే స్టీలు వైర్లలో ఒకటి గాల్లో ఊగుతోంది. మాస్ట్ మధ్యలో విల్లులా వంగింది.

గాలి కుడివైపు నుంచే వస్తోంది, అంటే బరువంతా ఆ తెగిన వైపు మీదే ఉంది. ఆలోచించే టైమ్ లేదు. చుక్కాని తిప్పేసి పడవని గాలికి అవతలి వైపుకి మళ్ళించాను. బరువు ఎడమవైపు వైర్ల మీదకి మారింది, మాస్ట్ నిలబడింది. తర్వాత తెరచాపలు రెండూ దించేశాం. తెరచాప ఎత్తే తాడు ఒకటి ఖాళీగా ఉంటే, దాని కొస తెచ్చి కుడిపక్క గట్టి కొక్కేనికి కట్టి వించ్‌తో బిగించాం. తాళ్ళేవీ నీళ్ళలో వేలాడటం లేదని రెండుసార్లు చూసుకున్నాకే ఇంజన్ గేర్ వేశాను. ఆ కంగారులో ఒక తాడు వెళ్ళి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇక ఇంజన్ కూడా పోయినట్టే. మరీనాకి చేరేసరికి మా ఆవిడ చేతులు ఇంకా వణుకుతున్నాయి. పాత పడవలో తిరిగేవాళ్ళు ఈ వరస ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి: ముందు పడవని మళ్ళించాలి, తర్వాత తెరచాపలు, ఆఖరున ఇంజన్.

మర్నాడు లోపలి చెక్క పలక ఊడదీసి చూశాం. వైరుని పడవకి బిగించే స్టీలు పట్టీని చైన్‌ప్లేట్ అంటారు. అది డెక్‌లోంచి కిందికి దిగి లోపలి గోడకి బోల్టులతో బిగించి ఉంటుంది. నా పడవలో పైన మెరుస్తోంది, కింద కూడా మెరుస్తోంది. డెక్ మందంలో, కంటికి ఆనని ఆ ఒకటిన్నర అంగుళంలో మాత్రం చీమలు తిన్నట్టు గుంతలు పడి, వెడల్పులో మూడొంతులు పాత పగులు. పగులు లోపలి భాగమంతా తుప్పు రంగు. కొత్తగా విరిగిన చోటు మాత్రం తెల్లగా, వేలి గోరంత ఉంది. అంటే ఆ గోరంత స్టీలే ఇన్నాళ్ళూ మాస్ట్‌ని మోస్తోంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ కదా, తుప్పెలా పట్టిందని నేనూ అడిగాను. దాని మీద ఉండే పల్చటి పొరే దానికి రక్ష, ఆ పొర నిలవాలంటే గాలిలోని ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. గాలి ఆడని ఇరుకులో ఉప్పునీటిలో నానితే స్టెయిన్‌లెస్‌ని కూడా తుప్పు లోపల్లోపలే తినేస్తుంది. ఆ తడి ఎక్కడిదంటే డెక్‌ది. 70లు, 80లలో తయారైన చాలా పడవల డెక్‌లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, ఎండుగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కానీ డెక్‌కి బిగించిన ప్రతి బోల్టూ ఆ చెక్కలోకి ఒక దారి. బోల్టు చుట్టూ పూసిన సీలెంట్ పదిహేను, ఇరవై ఏళ్ళకి ఎండిపోతుంది, నీళ్ళు చెమ్మలా లోపలికి దిగుతాయి. మా మేరీల్యాండ్ చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి పొరల్ని విడదీస్తాయి. నేను చైన్‌ప్లేట్ పక్కనున్న రెయిలింగ్ బోల్టు ఒకటి ఊడదీస్తే ఆ రంధ్రంలోంచి డికాక్షన్ రంగు నీళ్ళు కారాయి. వేలు పెడితే చెక్క తడిసిన అటుకుల్లా చేతికొచ్చింది. ఆ పైన వేసినదే ప్రకటనలో గొప్పగా రాసిన కొత్త డెక్ పెయింట్.

ఇదంతా సర్వేలో, అంటే కొనేముందు నిపుణుడితో చేయించే తనిఖీలో, తెలియలేదా అని మీరు అడుగుతారు. సర్వే చేయించాను. తప్పు నాదే, బ్రోకర్ చెప్పిన సర్వేయర్‌నే పెట్టుకున్నాను. బ్రోకర్‌కి కమీషన్ వచ్చేది అమ్మకం జరిగితేనే. ఆయన పంపే పనుల మీద ఆధారపడే సర్వేయర్ ఎవరి పక్షాన ఆలోచిస్తాడో నేను ముందే ఆలోచించాల్సింది. అమెరికాలో యాట్ సర్వేయర్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రభుత్వ లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. శామ్స్, నామ్స్ అని రెండు సంఘాలున్నాయి, అవి పరీక్ష పెట్టి, అనుభవం చూసి గుర్తింపు ఇస్తాయి. ఆ సర్వేయర్‌ని పెట్టుకునేముందు ఆ గుర్తింపు ఉందా అని కూడా నేను అడగలేదు.

మొన్న ఆ రిపోర్ట్ మళ్ళీ తీసి చదివాను. మొదటి పేజీలో "వయసుకి తగిన మంచి స్థితి" అని ఉంది. ఇరవై రెండో పేజీలో చిన్న అక్షరాల్లో "మాస్ట్ పైకి ఎక్కలేదు. చైన్‌ప్లేట్లు పలకల వెనక ఉన్నందున చూడటం వీలుకాలేదు. డెక్ తేమ పరీక్ష చేయలేదు" అని కూడా ఉంది. అతను అబద్ధం రాయలేదు, నేనే అంతదాకా చదవలేదు. దయచేసి సర్వే రిపోర్ట్‌ని వెనక నుంచి చదవండి. చూసినవాటికంటే చూడనివి ఏమిటో ముందు గుర్తు పెట్టుకోండి. వాటికి విడిగా మనిషిని పెట్టండి. మాస్ట్‌నీ దాని వైర్లనీ కలిపి రిగ్గింగ్ అంటారు, దానికి రిగ్గర్, ఇంజన్‌కి మెకానిక్. ఆ రెంటికీ కలిపి కొన్ని వందల డాలర్లు అవుతాయి, నేను అవి మిగుల్చుకున్నాననుకుని మురిసిపోయాను.

సీ ట్రయల్ రోజు, అంటే కొనేముందు పడవని నీళ్ళ మీద నడిపి చూసే రోజు, గాలి 5 నాట్స్ కూడా లేదు. అలాంటి గాలికి ఏ మాస్టయినా నిలబడుతుంది. మేం వెళ్ళేసరికే ఇంజన్ ఒకసారి నడిపి ఉంచారు. పెట్టె తీసి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, "మీకోసం రెడీగా ఉంచాం" అన్నారు, నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. పాత డీజిల్ ఇంజన్ సంగతి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే తెలుస్తుంది: ఎంతసేపు తిప్పితే అందుకుంది, పొగ ఏ రంగులో వచ్చింది, సైలెన్సర్‌లోంచి ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు బాగా పడుతున్నాయా. వెచ్చగా ఉంటే "రేపు పొద్దున వస్తాం, ముట్టుకోకండి" అని చెప్పి వెనక్కి వచ్చేయండి.

ఇక లిథియం బ్యాటరీలు. ఆ శనివారం మరీనాకి తిరిగొస్తూ ఉండగానే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వడం లేదని గమనించాను. పాత ఇంజన్‌కి ఉన్న చిన్న ఆల్టర్నేటర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం చేసినది. ఆ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గించి తీసుకుంటుంది. లిథియం అలా కాదు, నిండేదాకా ఇచ్చినంతా లాగేస్తుంది. ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోతుంది. మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే ఒక డీసీ టు డీసీ చార్జర్ పెట్టి ఉంటే సరిపోయేది, పాత ఓనర్ నేరుగా తగిలించేశాడు. పడవల వైరింగ్‌కి ఏబీవైసీ (అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్) ప్రమాణాలున్నాయి, లిథియంకి ఈ-13 అని విడిగా ఉంది. దాని ప్రకారమే బిగించారా, ఎవరు బిగించారు, బిల్లు ఉందా అని అడగండి. బిల్లు లేకపోతే ఆ అప్‌గ్రేడ్‌కి ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకండి, తీసి మళ్ళీ చేయించే ఖర్చు మీదే.

సంతకం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ మామూలుగా పది శాతం డిపాజిట్ కట్టి, సర్వే, సీ ట్రయల్ అయ్యాక ఒక తేదీలోపు "ఒప్పుకుంటున్నాను" అని సంతకం పెడతాం. ఆ సంతకం పెట్టేదాకా వద్దనుకుంటే డిపాజిట్ వెనక్కి వచ్చేలా ఒప్పందం ఉంటుంది. నాకింకా నాలుగు రోజులు గడువు ఉండగానే "ఇంకో కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు" అని ఫోన్ వచ్చింది. టెన్షన్ పడి ఆ సాయంత్రమే సంతకం చేశాను. ఇంకో కొనేవాళ్ళు నిజంగా ఉంటే ఉండనివ్వండి. మీ ఒప్పందం అమల్లో ఉండగా పడవని వాళ్ళకి అమ్మలేరు. ఆ నాలుగు రోజులూ మీవి, పూర్తిగా వాడుకోండి.

పడవ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం చేయాలని తమ్ముడు అడిగాడు. స్క్రూడ్రైవర్ ఒకటి జేబులో వేసుకెళ్ళు, దాని ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా అడుగడుక్కీ తట్టు అన్నాను. గట్టిగా ఉన్నచోట టక్ టక్‌మని ఖణీమంటుంది. చెక్క కుళ్ళినచోట డబ్ డబ్‌మని బోలుగా, చచ్చుగా వినిపిస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూసినట్టే, రెండు నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది. ముఖ్యంగా మాస్ట్ మొదట్లో, చైన్‌ప్లేట్ల చుట్టూ, రెయిలింగ్ కాళ్ళ దగ్గర తట్టాలి. లోపల చైన్‌ప్లేట్ల కింద చెక్క మీద నల్లటి చారలుంటే నీళ్ళు దిగుతున్నట్టే. కొత్తగా వార్నిష్ వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. రిగ్గింగ్ వైర్లు ఏ సంవత్సరం మార్చారో అడగండి. పది, పదిహేనేళ్ళు దాటితే మార్చాల్సినవే అని లెక్కేసుకుని బేరం ఆడండి. పడవ అడుగున నీళ్ళు వచ్చే పైపుల వాల్వులన్నీ చేత్తో తిప్పి చూడండి, తిరగకపోయినా, గీకితే లోహం గులాబీ రంగులో కనిపించినా మార్చాల్సిందే. పాత పడవకి ఏ యార్డ్ (పడవలు బాగుచేసే చోటు) బిల్లు బాకీ ఉన్నా ఆ అప్పు పడవతోనే మీకు రావచ్చు, కోస్ట్ గార్డ్ దగ్గర నమోదైన పడవ అయితే ఓనర్ల, నమోదైన అప్పుల చరిత్ర చూపే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ తెప్పించుకోండి. నాకు ఈ ఒక్క విషయంలో ఇబ్బంది రాలేదు.

నా ఖర్చు: రిగ్గింగ్ అంతా కొత్తది, 6,800 డాలర్లు. చైన్‌ప్లేట్లు ఆరూ 316 గ్రేడ్ స్టీల్‌లో చేయించినందుకు 1,100. డెక్‌కి యార్డ్‌వాళ్ళు 11,000 చెప్తే గుండె ఆగినంత పనైంది, నేనే చేసుకున్నాను. పై పొర కోసి తీసి, కుళ్ళిన చెక్క గీకి, ఆరబెట్టి, కొత్త బాల్సా ఎపాక్సీ జిగురులో పరిచి, పై పొర మళ్ళీ అతికించాను. చలిపడితే ఎపాక్సీ గట్టిపడదు కాబట్టి సెప్టెంబర్ నుంచి నవంబర్ మొదటివారం దాకా ప్రతి శని, ఆదివారాలు అదే పని. కుడివైపు అయ్యింది, ఎడమవైపు కిందటేడు చేశాను. ప్రతి బోల్టు రంధ్రాన్నీ పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, మధ్యలో మళ్ళీ రంధ్రం వేశాను, ఇక నీళ్ళు దిగినా చెక్కని తాకవు. పడవ ఇప్పుడు బాగుంది. మా ఆవిడ మాత్రం గాలి 15 దాటితే ఇప్పటికీ ఆ కుడివైపు వైరునే చూస్తూ కూర్చుంటుంది.

ఆ విరిగిన చైన్‌ప్లేట్ ముక్కలు రెండూ దాచి ఉంచాను. తమ్ముడు వచ్చే శనివారం ఆ ప్రకటనలోని పడవ చూడ్డానికి వెళ్తున్నాడు. ముక్కలు, స్క్రూడ్రైవర్ తీసుకుని నేనూ వెళ్తున్నాను. పొద్దున తొమ్మిదింటికి వస్తామని, ఇంజన్ ముట్టుకోవద్దని ముందే చెప్పించాం.